నొచ్చాకు దిండు

మునిలక్ష్మమ్మకు జబ్బు ముఖంలో కనిపించదు, డొక్కల్లో కనిపిస్తుంది. నలభై ఆరేళ్ళు ఆవుల మధ్య బతికిన మనిషి మరి. దూడకు ఒంట్లో బాగాలేకపోతే నోరు తెరిచి చెబుతుందా? ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద చర్మం ఎంత లోపలికి పోతోందో చూసి తెలుసుకోవాలి. సంక్రాంతికి ముందొచ్చే మార్గళి నెలలో ఆ పొద్దున పాలు పితికి ఇంట్లోకి వచ్చి ఆమె చూసింది దూడను కాదు, మనవరాలిని. ఎనిమిదేళ్ళ తనుజ చాప మీద ముందుకు వంగి, రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చుని ఉంది. గౌను కింద డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా పిల్లికూతలు.

చెంబు చేతిలోనే ఉండిపోయింది. మొన్నటికంటే నిన్న ఎక్కువ, నిన్నటికంటే ఇవాళ ఎక్కువ. ఆమె వేలు మడిచి లెక్క పెట్టుకుంది. ఇది ఏడో పొద్దు.

"మంచు ఎక్కువగా ఉండాది కన్నా, అందుకే. ఎండొస్తే సరిపోతుంది" అంది. ఆ మాట బిడ్డకు చెప్పిందో తనకు చెప్పుకుందో తెలియదు.

తమిళ సీమలోని ఆ ఏరియూరులో మునిలక్ష్మమ్మను వైద్యురాలని ఎవరూ అనరు. కానీ పెన్నాగరం ఆస్పత్రికి బస్సెక్కే ముందు ఆమె గుమ్మం తొక్కని వాళ్ళు ఆ వీధిలో తక్కువ. పాపిరెడ్డిపట్టి దిక్కున పుట్టి, పదహారేళ్ళకు మాదప్ప పెళ్ళామై ఈ ఊరొచ్చింది. అప్పుడు ఆమెకు ఆవు పొదుగు పట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదు. మిగతాదంతా అత్త నేర్పింది. ఏ ఆకు ఏ పొద్దులో కోయాలి, ఏది నూరాలి, ఏది కాచాలి, ఏది పచ్చిగా ముట్టుకోకూడదు, ఇవన్నీ తిట్లతో కలిపి నేర్పింది. అత్త పోయింది, మాదప్పా పోయినాడు. తిట్లు మాత్రం ఆమె చెవిలో భద్రంగా ఉన్నాయి.

ఊళ్ళో రాగి కళ్ళాలు మొదలై, మామిడి తోపులు పూతకొచ్చాయంటే చాలు, మునిలక్ష్మమ్మ ఇంట్లో తుమ్ముల తిరునాళ్ళే. ఒకరికి ముక్కు కారుతుంది, ఒకరికి కళ్ళు ఎర్రబడి దురద, ఒకరికి గొంతులో గరగర. వచ్చిన వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి నల్ల జీలకర్ర దోరగా వేయించి, గుడ్డలో మూట కట్టి వాసన చూడమంటుంది. పసుపుకొమ్ము దీపం మీద కాల్చి ముక్కు దగ్గర పెడుతుంది. కర్పూరవల్లి, అంటే వామాకు, రసంలో తేనె కలిపి నాలుకకు రాస్తుంది. మిరియాల కషాయం తాగలేక మొహం చిట్లించిన మగవాళ్ళను చూసి "మీసం ఎందుకప్పా పెంచినావు?" అని ఎగతాళి చేస్తుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆ వీధి వాళ్ళకు ఆమె పెరడు దాటి మందు లేదు.

అన్నిటిలోకీ ఆమెకు పేరు తెచ్చింది నొచ్చాకు దిండు. పుస్తకాల తెలుగులో వావిలి అనే చెట్టే అక్కడ నొచ్చి. వాగు గట్ల మీద పొదలు పొదలుగా పెరుగుతుంది. ఆకు నలిపితే ఘాటుగా నెత్తికెక్కుతుంది. ఎండబెట్టిన ఆకును పాత చీర గుడ్డలో నింపి దిండు కుట్టి తలకింద పెట్టుకుంటే ముక్కు బిగింపు వదులుతుందని, తలభారం దిగుతుందని నమ్మకం. ఊళ్ళో ఎన్ని తలలు తన దిండ్ల మీద నిద్రపోతున్నాయో మునిలక్ష్మమ్మకు తెలుసు. బయటికి అనదు గానీ ఆ సంగతి తలచుకున్నప్పుడు ఆమె నడకలో కొంచెం టెక్కు వస్తుంది.

అంత పేరున్న మనిషికి ఇంట్లోనే పరీక్ష వచ్చింది. మూడేళ్ళుగా తనుజకు ఈ కాలంలో తుమ్ములు. మొదటి రెండేళ్ళూ ముక్కూ కళ్ళతో పోయింది. పోయిన ఏడు రొమ్ముకు దిగింది. ఆమె కోడలు తిలగవతి బిడ్డను పెన్నాగరానికి తీసుకుపోతే, అక్కడి డాక్టరమ్మ ఆయాసానికి నోటితో పీల్చే రెండు పంపులు రాసిచ్చింది. ఒకటి ఈ కాలమంతా రోజూ పొద్దున, సాయంత్రం పీల్చేది. నీలం రంగుది మూచ్చు, అంటే ఊపిరి, పట్టేసినప్పుడు మాత్రమే. రెంటికీ కలిపి సీసాలాంటి ఒక పెద్ద గొట్టం. ఈ ఏడు కార్తీకంలోనే తిలగవతి రోజువారీ పంపు మొదలుపెట్టింది. మూడు వారాలు బిడ్డకు తుమ్ములే గానీ ఆయాసం లేదు.

ఆయాసం లేకపోవడమే కొంప ముంచింది. బాగున్న బిడ్డకు మందెందుకని మునిలక్ష్మమ్మకు తోచింది. పంపు అలవాటైతే జన్మంతా వదలదని ఎవరో అన్న మాట ఒకటి ఎన్నాళ్ళనుంచో ఆమె మనసులో ముల్లులా ఉంది. ఆడబిడ్డ. రేపు పెళ్ళిచూపుల్లో సంచిలోంచి గొట్టం తీసి పీలుస్తుందా? కోడలు టైలరింగ్ కంపెనీ నుంచి ఎప్పుడొస్తుందా అని కాచుకుని, చెవిలో జోరీగలా వారం రోజులు పోరింది.

"పది రోజులు నాకియ్యిమా. నొచ్చాకు దిండు చేస్తాను. పది రోజులు పంపు పక్కన పెట్టు. బిడ్డకు తగ్గకుంటే నన్ను ఏమన్నా అను."

"డాక్టరమ్మ నిలపొద్దని చెప్పింది అత్తా."

"డాక్టరమ్మ నిన్న పుట్టింది. నొచ్చి చెట్టు ఎప్పుడు పుట్టింది?"

తిలగవతి వాదించే మనిషి కాదు. మొగుడు సెల్వరాజ్ బోరుబండి మీద డ్రైవరు. ఆరునెలలు ఏదో రాష్ట్రంలో ఉంటాడు. బిడ్డను పొద్దంతా చూసేది అత్తే. ఆ అత్త మాట కాదని ఎన్నాళ్ళని నెగ్గుకొస్తుంది? రెండు పంపులూ గొట్టమూ రేకు డబ్బాలో పెట్టి అటక మీద ఉంచింది. "పది రోజులే అత్తా. పదకొండో రోజు నీ మాట వినను" అంది. అన్నప్పుడు గొంతులో బెదురుంది. మునిలక్ష్మమ్మ దాన్ని పట్టించుకోలేదు.

దిండుకు ఆకు కావాలి కదా. మామూలుగా చిత్తిర ఎండల్లో కొమ్మ కోసి, నీడపట్టున పదిహేను రోజులు ఆరబెడుతుంది. పిడికిట్లో నలిపితే పొడి పొడి అయ్యేదాకా గుడ్డలోకి పోయదు. ఈ ఏడు చిత్తిరలో మోకాళ్ళు పట్టేసి వాగుకు పోలేదు. ఇంట్లో ఎండాకు లేదు. ఇప్పుడేమో మార్గళి, పొద్దున తొమ్మిదైనా మంచు తెర తొలగదు. పోతే పోనీ అని పచ్చి కొమ్మలు కోసుకొచ్చి మూడు రోజులు వాకిట్లో పరిచింది. పైన ఆకు గలగలలాడింది. అడుగున మెత్తగానే ఉంది. అది ఆమె వేళ్ళకు తెలిసింది. తెలిసినా, కోడలిచ్చిన గడువు తరిగిపోతోందని తొందరపడింది. తనుజకు ఒక దిండు కుట్టి, మిగిలిన ఆకుతో ఇంకో రెండు కుట్టి పక్కింటి పాప్పాత్తికి ఒకటీ, ఎదురువీధి గోపాలప్పకు ఒకటీ ఇచ్చింది.

మొదటి రెండు రోజులూ బాగుంది. ఘాటు వాసనకు ముక్కు తెరుచుకుందని తనుజే అంది. మూడో పొద్దు దగ్గు. నాలుగో పొద్దు పిల్లికూత. చిత్రమేమంటే, పొద్దున అలా ఉన్న బిడ్డ బడికి పోయి సాయంత్రం వచ్చేసరికి తేలికపడేది. తిలగవతి చీకటితోనే కంపెనీ బస్సెక్కి పోతుంది, దీపాలు పెట్టాక వస్తుంది. ఆమె చూసేది తేలికపడిన బిడ్డనే. "ఎట్లుండాది అత్తా?" అని అడిగితే, "బాగుండాది, కొంచెం దగ్గు అంతే" అని మునిలక్ష్మమ్మ చెప్పేది. అబద్ధం అనడానికి ఆమెకు మనసొప్పలేదు. రేపు తగ్గుతుంది కదా, తగ్గాక ఎలాగూ నిజమవుతుంది కదా అనుకుంది.

రేపు తగ్గలేదు. ఐదో రోజు ఆమెకు అన్నం సయించలేదు. రాత్రి చలే కారణమనుకుని కిటికీలు మూసి సందుల్లో గుడ్డలు కుక్కింది. బిడ్డ నెత్తి మీదుగా కంబళి కప్పింది.

"అవ్వా, దిండు వద్దు. ముక్కులో ఏదో కుట్టినట్ల ఉండాది" అంది తనుజ.

"మందు పనిచేస్తే అట్లే ఉంటుంది. ముఖం దిండుకు ఆనించి పడుకో. వాసన లోపలికి పోవాల."

బిడ్డ ఆనించి పడుకుంది. అవ్వ చెప్పిన మాట ఎప్పుడూ కాదనదు.

ఏడో పొద్దు సంగతి మొదటే చెప్పాను. చెంబు కింద పెట్టి, పొయ్యి మీద మిరియాలు, శొంఠి వేసి నీళ్ళు పెట్టింది మునిలక్ష్మమ్మ. చేతులకు పని చెప్తే గుండె దడ కొంచెం తగ్గుతుందని ఆమె అనుభవం. నీళ్ళు మరిగేలోగా ఆవుకు గడ్డి వేసి వద్దామని పెరట్లోకి పోయింది. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి చూసింది.

గడ్డివామి మీద కప్పిన టార్పాలిన్ కార్తీకం చివర్లో వచ్చిన తుఫాను వానకు ఒక మూల చిరిగింది. ఆ మూలనుంచి రాగి గడ్డి కాస్త లాగి ఆవు ముందు వేసింది. ఆవు మూతి పెట్టి బుసకొట్టింది. మూతి తీసేసింది. ఇంకోసారి నెట్టినా ముట్టలేదు.

"ఏమే, నీకూ పొగరొచ్చిందా?" అని విసుక్కుంటూ మునిలక్ష్మమ్మ వామిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. గడ్డి పాడయిందా లేదా చూడాలంటే పశువులవాళ్ళు ఎవరైనా చేసే పని అది. లోపల వెచ్చగా ఉంది. తడి మీద కుప్ప వేసిన గడ్డి అట్లా లోలోపల ఉడుకుతుంది. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళ సందుల్లో బూడిదరంగు పొడి, ముక్కిన వాసన. అటువంటి గడ్డి పెడితే ఆవు దగ్గి దగ్గి చస్తుంది. ఆమె ఎన్నడూ పెట్టలేదు. ఇలాంటి గడ్డి పెట్టిన పాలేరును మాదప్ప ఒకసారి తరిమి తరిమి కొట్టినాడు.

ఆ వాసన తనకు కొత్త కాదనిపించింది. ఎక్కడ చూశానా అని ఒక్క క్షణం అట్లే నిలబడింది. నిన్న సాయంత్రం తనుజ తల దువ్వుతున్నప్పుడు జడలోంచి వచ్చింది. నొచ్చి ఘాటు అడుగున, ఇదే వాసన.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళ నొప్పి మరిచి ఇంట్లోకి పరుగెత్తింది. చాప పక్కనున్న దిండు అందుకుని, కుట్టు దగ్గర పళ్ళతో కొరికి చించింది. పై ఆకు బాగానే ఉంది. నడుమ ఆకులు ఒకదానికొకటి అంటుకుని ముద్దయి, తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. ముద్ద విడదీస్తే పొగలాగా పొడి లేచింది. ఏడు రాత్రులు బిడ్డ ఈ పొడి పీల్చింది. పైగా ముఖం ఆనించి, కిటికీ మూసి, కంబళి కప్పి పీల్చింది. ఆవు కోసమైతే చెయ్యి దూర్చి చూసే మనిషి, మనవరాలి కోసం చూడలేదు.

"అవ్వా" అని తనుజ ఏదో చెప్పబోయింది. మాట సగంలో తెగిపోయింది. ఊపిరి కావాల్సి వచ్చి ఆగింది. ఇంకో మాట, మళ్ళీ ఊపిరి. మూడు మాటలు కలిపి చెప్పలేకపోతోంది. పెదవుల రంగు మారుతోందేమోనని మునిలక్ష్మమ్మకు అనుమానం తగిలింది.

చించిన దిండును అలాగే చుట్టి పెరట్లోకి విసిరేసింది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచింది. ముక్కాలిపీట ఎక్కి అటక మీది రేకు డబ్బా దించింది. మూత తీసి చూస్తే రెండు పంపులు, ఒక గొట్టం. ఏది దేంట్లో పెట్టాలో ఆమెకు తెలియదు. ఇన్నాళ్ళూ కోడలు ఆ పంపు కొడుతున్నంతసేపూ ఆమె పంతానికి మొహం అటు తిప్పుకుని కూర్చునేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు డబ్బా పట్టుకుని నిలబడింది.

"నాకు రాదు కన్నా. ఎట్ల చేయాల?" అంటుంటే కళ్ళనుంచి నీళ్ళు కారిపోయాయి.

బిడ్డే చేయి చాపి నీలం రంగుది తీసుకుంది. ఊపి చూపించింది. మూత పీకి గొట్టానికి తగిలించింది. గొట్టం రెండో కొస మూతికి పెట్టుకుని, అవ్వ బొటనవేలు తీసి పంపు మీద పెట్టింది. "నొక్కు" అంది కళ్ళతోనే. మునిలక్ష్మమ్మ నొక్కింది. బిడ్డ ఐదారు ఊపిర్లు పీల్చింది. వేలు ఎత్తి ఇంకొకటి అని చూపించింది. మళ్ళీ నొక్కింది. ఇన్నేళ్ళు ఊరికి మందులు చెప్పిన మనిషికి ఎనిమిదేళ్ళ బిడ్డ, ఊపిరాడక అల్లాడుతూ, మందు వెయ్యడం నేర్పింది.

పొయ్యి మీద కషాయం గిన్నె మాడుతున్న వాసన వచ్చింది. పొయ్యి ఆపి, బిడ్డను చంకనెత్తుకుని వీధిలోకి వచ్చి పాప్పాత్తిని కేక వేసింది. పాప్పాత్తి కొడుకు వడివేలు ఆటో అప్పుడే తీయబోతున్నాడు. ఆ కేక విని ఏమీ అడగకుండా వాళ్ళను ఎక్కించుకున్నాడు. పెన్నాగరం దాకా రోడ్డు మీద మంచు. ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. "బిరిన పోప్పా, బిరిన పోప్పా" అని మునిలక్ష్మమ్మ ఒకే మాట జపంలా అంటూ తొందరపెడుతూనే ఉంది. దారిలోనే అతని ఫోను తీసుకుని కోడలికి చెప్పింది. చెప్పిందంటే చెప్పిందేమీ లేదు. "ఆస్పత్రికి వచ్చెయ్‌మా" అని పెట్టేసింది.

ఆస్పత్రిలో బిడ్డ మూతికి ముసుగు తగిలించి యంత్రంతో మందు ఆవిరి పట్టించారు. ఒకసారి పట్టించి, ఆగి, మళ్ళీ పట్టించారు. మునిలక్ష్మమ్మ మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. స్టూలు ఇచ్చినా కూర్చోలేదు. అక్కడినుంచైతే డొక్కలు తిన్నగా కనిపిస్తాయి. ఊరి దేవతలందరికీ మొక్కింది. ఏం మొక్కిందో తర్వాత తానే మరిచిపోయింది. రెండో ఆవిరి సగంలో ఉండగా డొక్కల ఎగురుడు కొంచెం తగ్గినట్టు తోచింది. తోచిందని నమ్మడానికి భయపడి ఇంకాసేపు చూసింది. తగ్గింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పటికి తిలగవతి వచ్చింది. కంపెనీ కోటు కూడా విప్పలేదు, దారపు పోగులు మెడకు అంటుకుని ఉన్నాయి. బిడ్డ ముఖం చూసి, అత్త ముఖం చూసింది.

"నిన్న సాయంత్రం బాగుండె కదా అత్తా?" అంది.

ఇక్కడ మునిలక్ష్మమ్మకు తప్పించుకునే దారులు బోలెడున్నాయి. మంచు ఉంది, రాగి దుమ్ము ఉంది, మామిడి పూత ఉంది. దేని మీద తోసినా ఎవరూ కాదనరు. బూజు దిండు పెరట్లో పడి ఉంది. దాన్ని పెద్దవాళ్ళెవరూ చూడలేదు. కోడలికి తెలిస్తే రేపటినుంచి బిడ్డను తన చేతికి ఇస్తుందా? కంపెనీ మానేసి ఇంట్లో కూర్చుంటుందో, పుట్టింటికి తీసుకుపోతుందో.

"బాగుండలేదుమా" అంది. "నాలుగు దినాలుగా పొద్దున పొద్దున ఇట్లే ఉండాది. నీకు అబద్ధం చెప్పినాను. దిండులో ఆకు సరిగా ఎండలేదు. బూజు పట్టింది. అది పీల్చి బిడ్డకు ఇట్లయింది. నేనే చేసినాను."

తిలగవతి పోయి బిడ్డ తల దగ్గర నిలబడి జుట్టు నిమిరింది. అత్త వైపు తిరగలేదు.

డాక్టరమ్మ అంతా విన్నది. చిన్న వయసే. తమిళంలో నెమ్మదిగా చెప్పింది. నొచ్చి తప్పు కాదు, బూజు తప్పు. దుమ్ము పడని రొమ్ముకు బూజు అసలే పడదు. అన్నిటికంటే పెద్ద తప్పు రోజూ పీల్చే పంపు నిలపడం; బిడ్డ బాగుండింది ఆ పంపు వల్లే. అది అలవాటయ్యే మందు కాదు. కషాయం పోస్తే పోయండి, పంపు మాత్రం నేను చెప్పేదాకా ఆపొద్దు. మునిలక్ష్మమ్మ ఒక్కో మాటకూ తల ఊపింది. చివరికి డాక్టరమ్మ, "ఆ ఆకుతో ఇంకెవరికైనా దిండు ఇచ్చారా?" అని అడిగింది.

మునిలక్ష్మమ్మ గబుక్కున లేచింది. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంలో ఆ సంగతే మరిచిపోయింది.

"బిడ్డ దగ్గర నువ్వుండుమా, నేను పోయి వస్తాను" అని కోడలితో అంది. తిలగవతి అప్పుడు అత్త వైపు తిరిగింది. "పో అత్తా. బిరిన పో" అంది. క్షమించిన గొంతు కాదు అది, తొందరపెట్టిన గొంతు. మునిలక్ష్మమ్మకు అప్పటికి అదే చాలు.

ఊరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. పాప్పాత్తి దిండుతో పేచీ లేదు. ఘాటుకు తలనొప్పి వచ్చిందని మొదటి రోజే దాన్ని కోడిపిల్లల గంప కింద ఎత్తుగా పెట్టేసిందట. ఇన్నాళ్ళూ చెప్పడానికి మొగమాటపడింది. వేరే రోజైతే మునిలక్ష్మమ్మ నెల రోజులు అలిగేది. ఇవాళ "మంచి పని చేసినావక్కా" అని చేతులు పట్టుకుంది.

గోపాలప్ప అలా కాదు. డెబ్భై రెండేళ్ళ మనిషి. చలికాలమంతా దగ్గుతాడు. ఒంటరివాడు, ఆస్పత్రి అంటే పడదు. ఆయన ధైర్యమంతా మునిలక్ష్మమ్మ పెరడే. ఆమె పోయేసరికి అరుగు మీద ఆ దిండే ఒడిలో పెట్టుకుని, దాని మీద వంగి దగ్గుతున్నాడు.

"అన్నా, ఆ దిండు ఇయ్యి."

"ఎందుకు చెల్లెమ్మా? బాగానే పనిచేస్తాండాది. కఫం బాగా తెగి వస్తాండాది."

"తెగి రావడం కాదన్నా. బూజు పట్టింది. అది పీల్చే మా తనుజను ఆస్పత్రిలో పెట్టినాము. ఇయ్యి."

గోపాలప్ప దిండును ఇంకా దగ్గరికి హత్తుకున్నాడు. నవ్వినాడు. "చిన్నబిడ్డ, దానికి పడలేదేమో. నాకు పడింది. నీ చేతి బూజైనా నాకు మందే" అన్నాడు. అని మళ్ళీ దగ్గినాడు.

ఇన్నేళ్ళూ ఇలాంటి మాట కోసమే మునిలక్ష్మమ్మ బతికింది. ఇవాళ అదే మాటకు ఆమె భయపడింది. తను చెప్పింది తప్పైనా ఈ మనిషి నమ్ముతాడు. విషమిచ్చినా నమ్మి తాగుతాడు. వాదించి లాభం లేదని వంగి దిండు గుంజుకుంది. ముసలాయన వదల్లేదు. ఇద్దరి మధ్యా కుట్టు విడిపోయి తెల్లటి ముద్దలు అరుగంతా పడ్డాయి. ఆ కంపుకు గోపాలప్పే ముక్కు మూసుకున్నాడు.

తర్వాత బిడ్డలా అడిగినాడు.

"సరే, ఇది వద్దు. దీనికి బదులు ఏం ఇస్తావు?"

మునిలక్ష్మమ్మ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. మిరియాలు, కర్పూరవల్లి, నల్ల జీలకర్ర, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన దగ్గు విన్నది. అది తనకు తెలిసిన దగ్గు కాదు.

"నాకు తెలీదన్నా" అంది.

ఆ మాట ఆమె నోట ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ వినలేదు. బూజు చూసి బెదరని గోపాలప్ప ముఖంలో ఇప్పుడు రంగు మారింది. ఆమె ముఖంలోకి చూసినాడు, ఎగతాళేమోనని. ఎగతాళి కాదు. గొంతు సర్దుకుని, పక్కనున్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"పొద్దున పెన్నాగరం బస్సు ఎన్నిటికి?" అని అడిగినాడు.